పేరు లేకుండా పని చేసిపెట్టమంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. కొన్నేళ్లుగా అట్లాంటాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. మా అల్లుడు నల్లజాతి అమెరికన్. ముప్పై ఏళ్లు. చిన్నప్పటి నుంచి వాళ్ల చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడు, ఇప్పుడు స్కూల్లో మ్యూజిక్ టీచరు. స్నేహితులు తీసిన రెండు షార్ట్ ఫిల్మ్‌లకీ ఒక డాక్యుమెంటరీకీ సంగీతం చేశాడు. సినిమా సంగీతం తప్ప ఇంకేదీ తనకి పట్టదు. ఈమధ్య లాస్ ఏంజెలెస్‌లో ఒక సంగీత దర్శకుడు ‘నా దగ్గరికి వచ్చి పని నేర్చుకో, మొదటి ఏడాది జీతం ఇవ్వలేను, కొన్ని సీన్లకి నువ్వే రాయాలి, పేరు మాత్రం నాదే పడుతుంది’ అన్నాడట. అల్లుడు వెళ్లిపోదామంటున్నాడు. అమ్మాయి ఏమీ తేల్చుకోలేకపోతోంది. మన దగ్గరైతే గురువు దగ్గర ఊరికే పని చేసి నేర్చుకునేవారు కదా, ఇదీ అలాంటిదేనా? వాళ్ల వాళ్లని హిప్‌హాప్‌కో, చర్చి పాటల గాస్పెల్‌కో తప్ప పిలవరని అల్లుడే ఒకసారి బాధపడ్డాడు. నిజంగా దారి ఉందా? మేం దాచుకున్న డబ్బుతో పెద్ద యూనివర్సిటీలో చదివించమంటే చదివిస్తాం. అసలు అత్తగారిగా నేను ఇందులో మాట్లాడవచ్చా?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు, అట్లాంటా

జవాబు:

అమ్మా, ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఆయన చెప్పిన షరతుల మీద మీ అల్లుడు వెళ్లకూడదు. లాస్ ఏంజెలెస్ వెళ్లవద్దనీ, అసిస్టెంటుగా చేరవద్దనీ నేను అనడం లేదు. తను రాసిన సంగీతానికి తన పేరు ఉండదన్నచోటికి మాత్రం వద్దు. ఎందుకంటే ఈ వృత్తిలో గురువు చేసే అతిపెద్ద ఉపకారం పాఠం చెప్పడం కాదు. మనం లేని గదిలో మన పేరు ఎత్తడం, కాగితం మీద మన పేరు రాయించడం. ఆ రెండూ చేయనివాడు ఎంత గొప్ప సంగీతం రాసినా, మీ అల్లుడికి యజమాని అవుతాడేమో గానీ గురువు కాడు.

నేను లాస్ ఏంజెలెస్‌లో చాలాకాలం ఆర్కెస్ట్రా వాళ్లకి నోటేషన్ ప్రతులు తయారుచేసి ఇచ్చే పనిలో ఉన్నాను. అందుకని ఆ ‘కాగితం మీద పేరు’ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అల్లుడి భవిష్యత్తు ఎక్కువగా దాని మీదే నడుస్తుంది.

సినిమాలో వినిపించే ప్రతి సంగీతం ముక్కనీ అక్కడ ‘క్యూ’ అంటారు. ప్రతి క్యూకీ ఒక నంబరు ఉంటుంది. 3ఎం2 అంటే మూడో రీలులో రెండో సంగీతం ముక్క అని అర్థం. సినిమా పూర్తయ్యాక ఈ ముక్కలన్నిటికీ ఒక పట్టిక తయారుచేస్తారు. దాన్ని క్యూ షీట్ అంటారు. ముక్క పేరేమిటి, ఎన్ని నిమిషాలు ఎన్ని సెకన్లు, తెర మీద ఎవరో వాయిస్తుండగా వినిపించిందా లేక నేపథ్యంలోనా, రాసినవారు ఎవరు, ఎవరి వాటా ఎంత శాతం, పబ్లిషర్ ఎవరు – ఇవన్నీ అందులో వరసగా ఉంటాయి. ఆస్కాప్, బీఎంఐ, సెసాక్ లాంటి సంస్థలు ఈ పట్టిక చూసే రాయల్టీ పంచుతాయి. అమెరికా థియేటర్లలో సినిమా ఆడినందుకు సంగీతం రాసినవాళ్లకి పైసా రాదు. 1948లో ఒక కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ అక్కడ అదే పద్ధతి. కానీ అదే సినిమా టీవీలో వచ్చినా, స్ట్రీమింగ్‌లో వచ్చినా, విదేశాల్లో థియేటర్లలో ఆడినా డబ్బు వస్తుంది, ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. స్టూడియో కాపీరైటు మొత్తం తీసేసుకున్నా, ‘రైటర్స్ షేర్’ అనే వాటా మామూలుగా రాసినవాడికే మిగులుతుంది. క్యూ షీట్‌లో పేరు లేకపోతే ఆ వాటా కూడా ఉండదు. పైగా రేపు ఇంకొకరి దగ్గరికి వెళ్లి ‘ఆ సినిమాలో ఆ సీను నేనే చేశాను’ అంటే నమ్మేవాళ్లు ఉండరు.

ఒక రికార్డింగ్‌లో నేను చూసింది చెబుతాను. పెద్ద స్టేజి, అరవై మందికి పైగా వాద్యకారులు. ఎర్ర లైటు వెలిగింది, అందరి హెడ్‌ఫోన్లలో తాళం చూపే క్లిక్ మొదలైంది, తెర మీద సీను నడుస్తోంది. వయొలిన్లు ఎంత బాగా వచ్చాయంటే, టేకు అవగానే డైరెక్టరు పరుగున వచ్చి సంగీత దర్శకుణ్ణి కౌగలించుకున్నాడు. ఆ క్యూ నిజానికి రాసింది వెనక సోఫా చివర్లో లాప్‌టాప్ పట్టుకుని కూర్చున్న ఒక నల్లజాతి కుర్రాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ముందురోజు రాత్రి ఆ నోట్లు అతని దగ్గర నుంచే నా దగ్గరికి వచ్చాయి. విరామంలో సెల్లో పార్టులో ఒక బారు తప్పు పడితే దాన్ని సరిచేసిందీ అతనే. అప్పుడు కూడా అతన్ని ఎవరూ డైరెక్టరుకి పరిచయం చేయలేదు. చేసి ఉంటే, ఆ డైరెక్టరు తర్వాతి చిన్న సినిమాకి అతనికి ఫోన్ చేసి ఉండేవాడని ఇప్పటికీ అనుకుంటాను. పరిచయం చేయడానికి సంగీత దర్శకుడికి అర నిమిషం పట్టేది.

మన దగ్గర గురువు దగ్గర ఊరికే పని చేసేవారు కదా అన్నారు. నిజమే, మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ కుర్రాళ్లు పెద్దవాళ్ల దగ్గర కీబోర్డు వాయిస్తూ, ఆర్ఆర్‌కి, అంటే నేపథ్య సంగీతానికి, అసిస్టెంట్లుగా ఉంటూ ఎదిగారు. కీరవాణి చక్రవర్తిగారి దగ్గర అసిస్టెంటుగా చేశారు, రెహమాన్ రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. అయితే ఆ వాయించేది పరిశ్రమ మొత్తం వింటూ ఉండేది. ఫలానా కుర్రాడు బాగా వాయిస్తున్నాడని నిర్మాతలకీ డైరెక్టర్లకీ చేరేది. గదిలో ఎవరున్నారో అందరికీ తెలిసేది. మీ అల్లుడికి వచ్చిన పిలుపులో ఆ తెలియడమే లేదు. దాన్ని గురుకులంతో పోల్చుకుని సర్దిచెప్పుకోకండి.

ఇక రంగు సంగతి. మీ అల్లుడు బాధపడింది ఊరికే కాదు. విలియం గ్రాంట్ స్టిల్ అని గొప్ప స్వరకర్త ఉండేవారు. 1936లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌ని కండక్ట్ చేసి, అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాని నడిపించిన మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు. అంతటివారు 1940లలో ఒక పెద్ద స్టూడియో సినిమాకి సంగీతం పనిలో చేరి, తమవాళ్లని కించపరిచేలా చూపిస్తున్నారని మధ్యలోనే వదిలేసి వచ్చేశారు. అప్పట్లో వాద్యకారుల యూనియన్లు కూడా రెండు. తెల్లవాళ్లకి లోకల్ 47, నల్లవాళ్లకి లోకల్ 767. పెద్ద స్టూడియోల పనులు వెళ్లేది మొదటిదానికే. బెన్నీ కార్టర్, బడ్డీ కొలెట్ లాంటివాళ్లు ఏళ్లతరబడి తిరిగి, మాట్లాడి, కలిసి వాయించి 1953లో ఆ రెండిటినీ ఒకటి చేయించారు. ఆ బెన్నీ కార్టరే తర్వాత వచ్చిన కుర్రాళ్లకి దారి చూపించారు. వాళ్లలో క్విన్సీ జోన్స్ ఒకరు.

క్విన్సీ కథ మీ అల్లుడికి తెలిసే ఉంటుంది. అయినా మీకోసం చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్న మొత్తం అందులో ఉంది. ఆయన జాజ్ బ్యాండుల్లో ట్రంపెట్ వాయించారు, పారిస్ వెళ్లి నాదియా బులాంజే దగ్గర చదువుకున్నారు. 1964లో సిడ్నీ ల్యూమెట్ అనే దర్శకుడు ఆయన చేత హాలీవుడ్‌కి మొదటి స్కోరు, అంటే సినిమా మొత్తానికి నేపథ్య సంగీతం, చేయించారు. ఆ తర్వాత కూడా స్టూడియోలు తటపటాయిస్తూనే ఉన్నాయి. ఒక సినిమా విషయంలో నల్లవాడని తెలిసి వెనక్కి తగ్గబోతుంటే సంగీత దర్శకుడు హెన్రీ మాన్సినీ ఆయన తరఫున గట్టిగా మాట్లాడి పని ఇప్పించారని క్విన్సీయే తర్వాత చెప్పుకున్నారు. మాన్సినీ తెల్లవాడు, అప్పటికే ఆస్కార్లు గెలిచిన పేరు. ఆ పేరుని ఇంకొకరి కోసం ఖర్చుపెట్టారు. 1967లో ట్రూమన్ కపోటి పుస్తకం సినిమాగా తీస్తున్నప్పుడు, నల్లవాళ్లు ఎవరూ లేని కథకి నల్లవాడి సంగీతం ఎందుకని కపోటి అభ్యంతరం చెప్పాడట. డైరెక్టరు రిచర్డ్ బ్రూక్స్ వినలేదు. ఆ సంగీతానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కపోటి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడని కూడా క్విన్సీ చెప్పారు.

ఇక్కడ గమనించండి. క్విన్సీకి సంగీతం నేర్పినవాళ్లు వేరు, తలుపు దగ్గర నిలబడి లోపలికి రానిచ్చినవాళ్లు వేరు. ఇద్దరూ కావాలి. మీ అల్లుడికి మొదటి రకం గురువులు ఇంతకుముందే దొరికారు. ఇప్పుడు వెతకాల్సింది రెండో రకం వాళ్లని.

మొదటి రకం దొరికారని ఎందుకంటున్నానంటే, అతను చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగాడని రాశారు. మీరు ఎప్పుడైనా వాళ్ల చర్చికి వెళ్లి ఉంటే ఈసారి గమనించి చూడండి. పాస్టరు ప్రసంగిస్తున్నంతసేపూ ఆర్గన్ వెనక నుంచి సన్నగా నడుస్తూనే ఉంటుంది. ఆయన గొంతు తగ్గితే తగ్గుతుంది. ఆయన ఊపిరి తీసుకున్న చోట ఒక చిన్న స్వరం వేస్తుంది. మాట ఎటు పోతుందో ఆర్గన్ వాయించేవాడికి ముందే తెలియాలి, మాటని మాత్రం ఎక్కడా మింగేయకూడదు. సినిమాలో డైలాగు కింద సంగీతం వేయడం అంటే ఇదే పని. సంగీత కళాశాలల్లో చదివి వచ్చిన చాలామందికి పట్టుబడని విద్య ఇది. మీ అల్లుడు దీన్ని ‘గాస్పెల్ అనుభవం’ అని ఒక లైనులో రాసి వదిలేస్తే, వాళ్లు గాస్పెల్‌కే పిలుస్తారు. పదేళ్లకి పైగా మాట కింద సంగీతం నడిపినవాడినని అతను చెప్పుకోవాలి, రీల్‌లో చేసి చూపించాలి.

రీల్ అంటే తన పని నుంచి ఎంచి కట్టిన నమూనా. అందులో మొదటి ముక్క బీటు ఉన్నది కాకుండా, ఇద్దరు మాట్లాడుకుంటున్న నిశ్శబ్దమైన సీను పెట్టమనండి. రెండోది ఆర్కెస్ట్రా. మీరు దాచిన డబ్బులో కొంత నిజంగా ఖర్చుపెట్టాలని ఉంటే ఇక్కడ పెట్టండి. నిజమైన తీగవాద్యాల వాళ్లని కొన్ని గంటలు కూర్చోబెట్టి రెండు మూడు ముక్కలు రికార్డు చేయిస్తే, కంప్యూటర్‌లో చేసిన వయొలిన్లకీ వాటికీ తేడా మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. అట్లాంటాలో మంచి వాద్యకారులు ఉన్నారు. నాష్‌విల్ కూడా కారులో వెళ్లేంత దూరమే, అక్కడ సినిమాలకీ వీడియో గేములకీ ఆర్కెస్ట్రా రికార్డింగులు బాగా జరుగుతాయి.

హిప్‌హాప్ వద్దని కాదు. అది చేస్తే అదే చేయిస్తారన్న భయం వద్దు. ఈ తరంలో ఆ గీత చెరిగిపోతూ ఉంది. క్రిస్ బవర్స్ లాస్ ఏంజెలెస్ కుర్రాడు, న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళాశాలలో జాజ్ పియానో చదివి, 2011లో జాజ్ పియానిస్టు తెలోనియస్ మాంక్ పేరు మీద జరిగే పియానో పోటీ గెలిచాడు. ఆ తర్వాత రాజుల కాలం నాటి ప్రేమకథల సీరియల్‌కీ చేశాడు, అడవిలో తప్పిపోయిన రోబో యానిమేషన్ సినిమాకీ చేశాడు. ఆ రోబో సినిమాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నల్లజాతి స్వరకర్త కాబట్టి ఫలానా కథలే అని అతన్ని ఎవరూ కట్టిపడేయలేకపోయారు. తమర్-కలీ బ్రూక్లిన్ పంక్ బృందాల నుంచి వచ్చిన గాయని. డీ రీస్ అనే దర్శకురాలు 2017లో ఆమె చేతికి పూర్తి స్కోరు అప్పజెప్పింది, ఆమె తీగవాద్యాలతో చేసి చూపించింది. ఒరిజినల్ స్కోర్‌కి ఆస్కార్ గెలిచిన నల్లజాతి స్వరకర్తలు మాత్రం ఇప్పటికీ చాలా తక్కువ. 1987లో హెర్బీ హాంకాక్, 2021లో మరో ఇద్దరితో కలిసి జాన్ బటీస్ట్. ఇది చూసి అతను నిరుత్సాహపడితే అర్థం ఉంది, కానీ పని ఉన్న చోటు ఆస్కార్ వేదిక ఒక్కటే కాదు. సీరియళ్లు, డాక్యుమెంటరీలు, యానిమేషన్, గేములు – వీటిలోనే చాలామంది సంసారం నడుపుకుంటున్నారు.

పై పేర్లలో మీకు ఒక విషయం కనిపిస్తుంది. తలుపు తీసినవాళ్లలో సంగీత దర్శకుల కంటే సినిమా దర్శకులే ఎక్కువ. టెరెన్స్ బ్లాంచర్డ్ న్యూ ఓర్లీన్స్ నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు. స్పైక్ లీ సినిమాల రికార్డింగుల్లో మొదట ట్రంపెట్ మాత్రమే వాయించేవారు. ఒకసారి విరామంలో పియానో మీద తన సొంత ముక్క ఏదో వాయించుకుంటుంటే స్పైక్ లీ విన్నారు, సినిమాలో వాడుకుంటానన్నారు, దానికి తీగవాద్యాలు కూడా రాయమన్నారు. 1991లో పూర్తి సినిమానే ఇచ్చారు, ఆ మరుసటి ఏడాది మాల్కమ్ ఎక్స్ జీవితకథ. ఆ జంట ముప్పై ఏళ్లు కలిసి పనిచేసింది. సినిమాకి రాయడం బ్లాంచర్డ్‌కి అప్పుడు కొత్త. రాయడం మాత్రం కొత్త కాదు, న్యూ ఓర్లీన్స్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడే రోజర్ డికర్సన్ అనే గురువు దగ్గర కంపోజిషన్ నేర్చుకున్నారు. అవకాశం తలుపు తట్టినప్పుడు చేతిలో విద్య ఉంది. మైకేల్ ఏబల్స్ సంగతి ఇంకా విచిత్రం. దశాబ్దాలుగా ఆర్కెస్ట్రాలకి రాస్తూ, స్కూల్లో సంగీతం చెబుతూ ఉన్న మనిషి. మీ అల్లుడిలాగే టీచరు. దర్శకుడు జోర్డన్ పీల్ యూట్యూబ్‌లో ఆయన ఆర్కెస్ట్రా ముక్క ఒకటి విని పిలిపించారు. 2017లో ఆ మొదటి సినిమా విడుదలయ్యేనాటికి ఆయనకి యాభై దాటింది. తన వంతు రాగానే ఊరుకోలేదు, తనలాంటి స్వరకర్తలని స్టూడియోలకి కనిపించేలా చేయడానికి కంపోజర్స్ డైవర్సిటీ కలెక్టివ్ అనే సంఘాన్ని మరికొందరితో కలిసి మొదలుపెట్టారు.

కాబట్టి ముప్పై ఏళ్లు వచ్చేశాయన్న టెన్షన్ పెట్టుకోనక్కరలేదు.

యూనివర్సిటీ గురించి అడిగారు. లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీ, బోస్టన్‌లో బర్క్లీ సంగీత కళాశాల, న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంటి చోట్ల సినిమా సంగీతానికి మంచి కోర్సులు ఉన్నాయి. అక్కడ ఫీజు కట్టి మీరు కొనుక్కునేది పాఠాలకంటే ఎక్కువగా పక్క బిల్డింగులో సినిమా తీయడం నేర్చుకుంటున్న కుర్రాళ్లతో స్నేహం. నల్లజాతి దర్శకుడు రయాన్ కూగ్లర్ యూఎస్‌సీలో చదివేటప్పుడు అతని విద్యార్థి సినిమాకి సంగీతం చేసింది స్వీడన్ నుంచి వచ్చిన తెల్లవాడు లుడ్విగ్ గోరాన్సన్. ఆ స్నేహం తర్వాత కూగ్లర్ సినిమాలన్నిటికీ కొనసాగింది, ఆఫ్రికా కథతో తీసిన పెద్ద సినిమాకి కూడా. దీన్ని తప్పుపట్టడం లేదు, వాళ్ల పని గొప్పది. కానీ నల్లజాతి దర్శకులు పెరిగినంత మాత్రాన నల్లజాతి స్వరకర్తలకి పని దానంతట అదే రాదని దీనివల్ల తెలుస్తుంది. తొలి సినిమా నాడు పక్కన ఎవరున్నారన్నదే లెక్క. ఆ స్నేహాలు అట్లాంటాలో మీ అల్లుడికి ఇంతకుముందే ఉన్నాయి. రెండు షార్ట్ ఫిల్మ్‌లు, ఒక డాక్యుమెంటరీ అన్నారు కదా, ఆ ముగ్గురు దర్శకులు లాస్ ఏంజెలెస్‌లోని ఆ పెద్దాయన కంటే అతని జీవితంలో ముఖ్యులు కావచ్చు. వాళ్ల తర్వాతి సినిమా ఏమిటో అడిగాడా? స్క్రిప్టు దశలోనే చదివాడా? దాచిన డబ్బు పెట్టి చదివించే ముందు ఇది చూడండి. స్కాలర్‌షిప్ వస్తే వేరే మాట.

అట్లాంటా గురించి ఒక ముక్క. జార్జియా ఇచ్చే పన్ను రాయితీల వల్ల అక్కడ షూటింగులు చాలా జరుగుతాయి, టైలర్ పెర్రీ స్టూడియో ఎంత పెద్దదో మీరు చూసే ఉంటారు. కానీ షూటింగు జరిగిన ఊళ్లో సంగీతం జరగాలని లేదు. ఎడిటింగ్, సంగీతం ఎక్కువగా లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోతాయి. అందుకని అతను అక్కడికి వెళ్లాలనుకోవడం తప్పు కాదు, ఏదో ఒక రోజు వెళ్లాల్సి రావచ్చు కూడా.

ఇప్పుడు ఆ పెద్దాయనకి ఏం జవాబు చెప్పాలి? కోపంగా వద్దు, మర్యాదగా బేరం ఆడమనండి. అసిస్టెంటు పనిలో రెండు రకాలు ఉంటాయి. సౌండ్ లైబ్రరీలు సర్దడం, ఫైళ్లు పంపడం, ఎడిటింగ్ మారినప్పుడల్లా సంగీతాన్ని కొత్త కట్‌కి సరిపెట్టడం, సెషన్‌కి అన్నీ సిద్ధం చేయడం ఒక రకం. దీనికి తెర మీద పేరు లేకపోయినా ఫరవాలేదు, కానీ జీతం ఉండాలి. కాలిఫోర్నియాలో ఉద్యోగిలా పని చేయించుకుంటే కనీస వేతనం ఇచ్చి తీరాలి, ‘నేర్పుతున్నాను కదా’ అన్నంత మాత్రాన చట్టం ఊరుకోదు. రెండో రకం సంగీతం రాయడం. రాస్తే క్యూ షీట్‌లో పేరూ వాటా ఉండాలి, వీలైతే టైటిల్స్‌లో ‘అడిషనల్ మ్యూజిక్’ అని పడాలి. చాలామంది పేరున్న సంగీత దర్శకులు తమ దగ్గర రాసేవాళ్లకి ఇది మామూలుగానే ఇస్తారు, కాబట్టి అడగడం అత్యాశ కాదు. ఆయన జీతానికి ఒప్పుకుని, పేరుకి మాత్రం కుదరదంటే, మొదటి రకం పని వరకే చేస్తానని చెప్పవచ్చు. రెండూ కుదరవంటే ఆ ఇంటికి వెళ్లి ప్రయోజనం లేదు. అక్కడ వాద్యకారులకీ ఆర్కెస్ట్రేటర్లకీ నోటేషన్ రాసేవాళ్లకీ యూనియన్ ఉంది, సంగీత దర్శకులకి మాత్రం లేదు. కనీసం ఇంత ఇవ్వాలన్న రేటు ఎక్కడా లేదు. కాబట్టి తన కాగితం తనే చూసుకోవాలి.

మంచి గురువులని వెతకడం ఎలా అంటే, ‘మీరు నాకు మెంటార్‌గా ఉంటారా’ అని రాసే ఉత్తరాలకి జవాబులు రావు. చదివేవాడికి అది తీరని బరువులా కనిపిస్తుంది. ఇలా రాయమనండి: ‘మీరు ఫలానా సినిమాలో ఆసుపత్రి సీనులో సంగీతాన్ని తల్లి మాట మధ్యలో ఆపేశారు. నేను చేసిన ఒక డాక్యుమెంటరీలో ఇలాంటి చోటే చిక్కుకున్నాను, రెండు నిమిషాల ముక్క జత చేస్తున్నాను. మీరైతే ఎక్కడ ఆపేవారు?’ ఇంతే. ఒక లింకు, ఒక ప్రశ్న. దీనికి జవాబు రాయడం ఏ స్వరకర్తకైనా సరదాగానే ఉంటుంది. జవాబు వస్తే, వాళ్లు చెప్పినట్టు మార్చి మళ్లీ పంపాలి. చాలామంది చేయనిది ఈ రెండోదే. చెప్పింది విని మార్చుకున్నాడని చూసినవాళ్లే రేపు ఇంకొకరితో ఇతని మాట ఎత్తుతారు.

సంస్థల ద్వారా వెళ్లే దారులు కూడా ఉన్నాయి. పైన చెప్పిన ఏబల్స్ వాళ్ల సంఘం, సొసైటీ ఆఫ్ కంపోజర్స్ అండ్ లిరిసిస్ట్స్ నడిపే మెంటార్ కార్యక్రమం, ఆస్కాప్ వాళ్ల ఫిల్మ్ స్కోరింగ్ వర్క్‌షాపు. కొత్తవాళ్లకి డబ్బూ మార్గదర్శకత్వమూ ఇచ్చే గ్రాంట్లు కూడా ఉంటాయి. వీటి గడువులూ నియమాలూ ఏటేటా మారుతుంటాయి, వాళ్ల వెబ్‌సైట్లలో చూసుకుని దరఖాస్తు పెట్టాలి. ఒకసారి రాకపోతే మళ్లీ పెట్టాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంకొక దారి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఎడిటర్లు. సినిమా ఎడిటింగ్ జరిగేటప్పుడు తాత్కాలికంగా ఏదో ఒక సంగీతం పెట్టి చూసుకుంటారు, దాన్ని టెంప్ ట్రాక్ అంటారు. వారాల తరబడి దర్శకుడు ఆ సంగీతంతోనే సినిమా చూస్తాడు, అది చెవికి అలవాటైపోతుంది. ఎడిటర్ దగ్గర మీ అల్లుడి ముక్కలు నాలుగు ఉంటే, వాటిలో ఒకటి టెంప్‌గా పెడితే, దర్శకుడే ‘ఇది ఎవరిది’ అని అడుగుతాడు. ఏబల్స్‌ని పీల్ యూట్యూబ్‌లో కనిపెట్టినట్టే ఇదీను. అట్లాంటాలో కొత్త ఎడిటర్లతో స్నేహం చేయమనండి. మ్యూజిక్ ఎడిటర్లు, మ్యూజిక్ సూపర్‌వైజర్లు కూడా అంతే. పని ఎక్కడ ఖాళీ అయిందో వీళ్లకి ముందు తెలుస్తుంది.

డబ్బు గురించి మీ అమ్మాయితో కూర్చుని ఒక మాట అనుకోవాలి. చిన్న సినిమాలకి అక్కడ ‘ప్యాకేజీ’ అని మొత్తం ఒకేసారి ఇచ్చేస్తారు. అందులోంచే వాద్యకారులకీ స్టూడియోకీ మిక్సింగ్‌కీ ఇచ్చుకోవాలి, మిగిలిందే సంగీత దర్శకుడిది. మొదటి సినిమాల్లో ఏమీ మిగలకపోవడం మామూలే. పైగా వారాల్లో పూర్తిచేయాలి, రోజుకి రెండు మూడు నిమిషాల సంగీతం తయారుకావాలి. ఆ రోజుల్లో ఇంట్లో మనిషి ఇంట్లో ఉన్నట్టు ఉండడు. ఇద్దరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరి ఉద్యోగం మీద ఉంది? అది అమ్మాయిదైతే, ఆమె ఉద్యోగం ఏ ఊళ్లో ఉండాలన్నది కూడా ఈ నిర్ణయంలో సగం. ఆమె ఏమీ తేల్చుకోలేకపోతోందని రాశారు. నా అనుమానం, ఆమెకి భయం సంగీతం గురించి కాదు, ఈ లెక్కలు ఎవరూ పైకి మాట్లాడకపోవడం గురించి. స్కూలు ఉద్యోగం ఇప్పుడే వదలకుండా, వేసవి సెలవుల్లో అతను ఒక్కడే లాస్ ఏంజెలెస్ వెళ్లి, ముందుగా ఉత్తరాలు రాసి పెట్టుకున్నవాళ్లని కలిసి, వీలైతే ఒకటి రెండు రికార్డింగులు చూసి రావడం నాకు మంచిదనిపిస్తోంది. జీతంతో, పేరుతో పని దొరికితే అప్పుడు ఇద్దరూ కలిసి ఇల్లు మార్చుకోవచ్చు.

అత్తగారిగా మాట్లాడవచ్చా అన్నారు. తప్పకుండా మాట్లాడవచ్చు, మీరు అతని గురించి రాసిన తీరులోనే ప్రేమ తెలుస్తోంది. ‘ఎప్పుడు స్థిరపడతావు’ అని మాత్రం అడగకండి. అతను ఆ ప్రశ్న ఇంతకుముందే ఎన్నోసార్లు వినివుంటాడు. ఈమధ్య రాసిన ముక్క వినిపించమనండి, ఏ సీను కోసం రాశాడో అడగండి. ఈ జవాబు అమ్మాయి చేత ఇంగ్లీషులో చెప్పించండి. ఆ పెద్దాయన దగ్గర నుంచి కాంట్రాక్టు కాగితం అంటూ వస్తే, సంతకం పెట్టే ముందు సినిమా వ్యవహారాలు చూసే లాయరుకి ఒకసారి చూపించాలి. మీ దాచిన డబ్బులో మొదటి ఖర్చు ఆ లాయరు ఫీజే అయినా నష్టం లేదు. క్యూ షీట్, అడిషనల్ మ్యూజిక్, జీతం – ఈ మూడూ ఆ కాగితంలో ఎక్కడున్నాయో అతన్నే వేలు పెట్టి చూపించమనండి.